ఏడు కిలోల సంచిలో పెట్టనివి

చెల్లెలి ఫోన్ వచ్చేసరికి నేను అప్పుడే ఫ్యాక్టరీ వ్యాను దిగి కోవిల్‌పట్టి మార్కెట్ వీధిలో ఇంటికి నడుస్తున్నాను. తను ఒమన్‌లో ఉంటుంది. ఏటా పండక్కి ఒకసారి, అమ్మ పోయిన తేదీన ఒకసారి ఫోన్ చేస్తుంది. ఆ రెండూ కాని రోజున మోగేసరికి నా కాళ్లు ఆగిపోయాయి. ఒక కూరగాయల బండి పక్కన నిలబడి ఎత్తాను.

“అక్కా, బయపడొద్దు. నాకి ఆపరేషన్ ఉండాది. గర్బసంచి తీసేయాలంట. ఒక ఆడమనిషి కూడా ఉండాలంటారు. నువ్వు వస్తావా?”

“ఎప్పుడు?” అన్నాను. వస్తానో రానో ఆలోచించుకునే వ్యవధి కూడా నా నోరు నాకివ్వలేదు.

పద్దెనిమిది రోజుల్లో. వీసా, టిక్కెట్టు తనే చూసుకుంటానంది. పాస్‌పోర్టు నాకుంది. మూడేళ్ల కిందట, ఎందుకో చెప్పకుండా, తనే పట్టుబట్టి తీయించింది. అప్పుడు విరుదునగర్ పోయి వేలిముద్రలు ఇచ్చి వచ్చాను గానీ, ఆ పుస్తకం బీరువాలోంచి ఒక్కసారి కూడా బయటికి రాలేదు.

“ఈ టిక్కెట్లో పెద్ద పెట్టె లేదక్కా. చేత పట్టుకునే సంచి ఒకటి దానే. ఏడు కిలో. మించితే విమానం ఎక్కనియ్యరు.”

“ఏడు కిలోనా? ఊరగాయ సీసా ఒకటే రెండు కిలో వస్తాదే!”

“ఊరగాయ వద్దు. నూనెలు, నీళ్లు ఏవీ వద్దు. ఇంగోటి...” లైను పోయిందనుకున్నాను. “ఆ మందు వాసన మాత్రం తేవద్దక్కా.”

మా పని పటాకుల పని. వెంబకోట్టై దారిలో ఉన్న ఫ్యాక్టరీలో నేను ఇరవై రెండేళ్లుగా భూచక్రాలు చుడుతున్నాను. చక్రం చుట్టేటప్పుడు పటాకుల మందు, అందులో కలిపిన వెండిరంగు పొడి వేళ్ల గీతల్లోకి దిగిపోతాయి. సబ్బు పెట్టి రుద్దినా గోళ్ల అంచున బూడిదరంగు గీత ఒకటి మిగిలే ఉంటుంది. మా అమ్మా అక్కడే పని చేసింది, పక్క గదిలో. పధ్నాలుగేళ్ల కిందట ఒక వేసవి మధ్యాహ్నం నేను నీళ్లు తాగడానికి తొట్టి దగ్గరికి వెళ్లాను. గ్లాసు ఇంకా నోటి దగ్గరే ఉంది, వెనక అమ్మ గది లేచిపోయింది. అంతకంటే ఎక్కువ రాయలేను, రాయవలసిన అవసరమూ లేదు.

ముప్పయి రోజులు గడిచాక నేను మళ్లీ అదే వ్యాను ఎక్కాను. నాకు వేరే పని రాదు. చెల్లెలు అప్పుడు టైపు నేర్చుకుంటోంది. నేను ఇంటికి రాగానే ముక్కు మూసుకుని పెరట్లోకి పోయేది. “నీకి ఎట్ల మనసొచ్చిందక్కా?” అని ఒకే ఒకసారి అడిగింది. నేను చెప్పిన జవాబు ఆమెకు చాల్లేదు. విరుదునగర్‌లో ఆస్పత్రి సహాయకుల కోర్సులో చేరి హాస్టల్‌కు వెళ్లిపోయింది. అక్కణ్నుంచి ఒమన్. తొమ్మిదేళ్లలో ఒక్కసారీ రాలేదు. సెలవులు ఎక్కడ గడిపిందో నేను అడగలేదు.

అందుకే ఆ పద్దెనిమిది రోజులూ నేను స్థిమితంగా కూర్చోలేకపోయాను. పని చేస్తుంటే చెయ్యి ఆగిపోయేది. ఇంట్లో ఉంటే వీధిలోకి, వీధిలో ఉంటే ఇంట్లోకి. మా ఆయన లారీ తోలుతాడు. ఆ నెల ఉత్తరాదిన ఉన్నాడు. “పోయి రా, దానికి నువ్వుగాక ఎవరు ఉండారు?” అని ఫోన్లో అన్నాడు. మాకు పిల్లలు లేరు. ఇంటికి తాళం వేసి పోవడం కష్టమేమీ కాదు. కష్టమంతా ఆ సంచి దగ్గరే వచ్చింది.

ఒక చీటీ రాసుకున్నాను. తమిళంలోనే; ఇంట్లో మాట్లాడేది తెలుగైనా బడిలో నేర్చింది తమిళమే, నాకు అప్పటికి తెలుగు అక్షరాలు రావు. చీరలు, నైటీలు, కారప్పొడి, మునగాకు పొడి, కరువాడనే ఎండుచేపలు, చెల్లెలికి ఇష్టమైన వేపపూల వడియాలు, తలనూనె, అమ్మ చీర. రాసినదాన్ని కొట్టేశాను. కింద మళ్లీ రాశాను. రెండోసారి రాసింది మొదటిదానికంటే పొడుగైంది.

చెల్లెలి ఆస్పత్రిలోనే పనిచేసే ఒక నర్సు సెలవు మీద విరుదునగర్ వచ్చి ఉంది. ఆమెనొకసారి చూసి రమ్మని చెల్లెలు నంబరిచ్చింది. ఒక ఆదివారం బస్సెక్కి వెళ్లాను. మావాళ్లే, ఇంట్లో తెలుగే. నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చి, నా చీటీ తీసుకుని చదివింది. చదువుతూ పెన్ను అడిగింది. ఒక్కొక్కటే కొట్టేస్తూ పోయింది.

“తలనూనె వద్దక్కా, ఆడ దొరకతాది. కరువాడు వద్దు, విమానమంతా కంపు కొడతాది, జనం తిడతారు. పొడుల్లో కసకసా ఏమన్నా కలిపినారా?”

“పొడులు కొట్టేది మా పెద్దమ్మ. కొంచెం వేస్తాది. వంటికి చలవ.”

ఆమె పెన్ను కింద పెట్టేసింది. “ఒక్క గింజ ఉన్నా వద్దు. మనకి అది మసాలా. ఆ ఊళ్లల్లో అది మత్తుమందు లెక్క. జైల్లో పెడతారు. మాటవరసకి చెప్తా ఉండాననుకోవద్దు.”

గసగసాలకు జైలేమిటని నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. పక్కన పెట్టిన నా సంచిని చూసి అడిగింది, “ఈ సంచినేనా తీసుకుపోయేది?”

దాన్నే అనుకున్నాను. ఫ్యాక్టరీలో ఒక దీపావళికి అందరికీ ఇచ్చిన సంచి అది. గట్టిది, జిప్పు మంచిది. రోజూ అన్నం గిన్నె అందులోనే పెట్టుకుపోయేదాన్ని.

“అక్కా, చెప్పేది వినండి. విమానాశ్రయంలో ఒక చిన్న గుడ్డముక్కతో సంచి తుడుస్తారు, చేతులు తుడుస్తారు. ఆ గుడ్డని మిషన్లో పెడితే, మందు ఒక రవ్వ ఉన్నా పట్టేస్తాది. మీరు ఫ్యాక్టరీకి కట్టుకుపోయిన చీర ఒకటి గూడా వద్దు. ఆ చీరల పక్కన మడిచి పెట్టింది గూడా వద్దు. కొత్త సంచి కొనండి. వారం ముందే పని మానేయండి. గోళ్లు బాగా కత్తిరించుకోండి.”

“అడిగితే ఏం చెప్పాల?”

“ఉన్నది చెప్పండి. అబద్దం చెప్తే దానే తంటా.”

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినా కూర్చోలేక సాత్తూరు దాకా నిలబడే వచ్చాను. లోపలికి ఏం తీసుకుపోకూడదో నాకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. ఇరవై రెండేళ్లుగా రోజూ ఫ్యాక్టరీ గేటు దగ్గర ఫోను, పిన్నీసు, గాజులు, మెట్టెలు తీసి డబ్బాలో వేసి లోపలికి పోతున్నదాన్ని. నైలాన్ చీర కట్టుకొస్తే రాపిడికి నిప్పురవ్వ పుడుతుందని వెనక్కి పంపేస్తారు, గదిలో నలుగురికి మించి కూర్చోనివ్వరు. కానీ గేటు దగ్గర విడిచినవి సాయంత్రానికి మళ్లీ చేతికి వస్తాయి. ఇక్కడ విడిచేవి ఏవి, ఎవరి కోసం అన్నదే తోచలేదు.

చెప్పినట్టే వారం ముందు పని ఆపాను. రోజూ తలంటి పోసుకున్నాను. కోవిల్‌పట్టిలో ఒక నీలంరంగు చక్రాల సంచి కొన్నాను. ఇంటికొచ్చి తూచడానికి మా వీధి చివర కిరాణా సరుకులమ్మే మళిగె కొట్టుకు పట్టుకుపోయాను. ఖాళీ సంచే రెండు కిలోల పైన తూగింది.

“ఇంగ మీరు తీసుకుపోయేది అయిదు కిలో కూడా లేదు,” అన్నాడు కొట్టాయన తమిళంలో. మళ్లీ వెనక్కి వెళ్లి, చక్రాలు లేని తేలిక సంచికి మార్చుకొచ్చాను.

ఇంతలో కడంబూరు నుంచి పెద్దమ్మ రైల్లో దిగింది. మా అమ్మకు అక్క. మోయడానికి కష్టమైనంత బరువు గోనెసంచి ఒకటి తెచ్చింది. మంచం మీద విప్పి పరిస్తే ఊరగాయ రెండు రకాలు, ఎండబెట్టిన ఉప్పుకండం మాంసం, మురుకులు, ప్రసవమైన వాళ్లకి పెట్టే లేహ్యం, కొట్టించిన పొడులు నాలుగు సీసాలు.

“పెద్దమ్మా, ఇది కాన్పు కాదు. గర్బసంచి తీస్తారు.”

“ఏదైతే ఏమి, ఒళ్లు ఒళ్లేగదా. నడుముకి బలం వద్దా?”

“ఈ పొడిలో కసకసా ఉండాదా?”

“ఉండక? పిడికెడు వేస్తిని.”

విరుదునగర్ నర్సు చెప్పింది చెప్పాను. పెద్దమ్మ నా మొహం చూసి, “ఆ దేశంలో మనుషులు ఎట్ల నిద్రపోతారే మరి?” అంది. తర్వాత ఒక్కొక్క సీసా తీసి గోనెలో తిరిగి పెట్టుకుంది. ఆ వయసులో అంత దూరం మోసుకొచ్చిన మనిషి చేత అలా వెనక్కి సర్దించడం నాకు చాలా కష్టమనిపించింది. మురుకులు మాత్రం ఒక పొట్లం ఉంచుకున్నాను.

అమ్మ చీర ఇంకా ట్రంకు పెట్టెలోనే ఉంది. ఆవపిండి రంగు మధురై సుంగుడి, ఆకుపచ్చ చుక్కల అద్దకం నూలు చీర. అమ్మ పోయిన రోజున, ముందురోజు కట్టి విప్పింది విప్పినట్టే అది దండెం మీద ఉండింది. ఆ సాయంత్రం ఎవరో తీసి మడిచి నా చేతికిచ్చారు. అప్పటినుంచి ఉతకలేదు. ఏడాదికొకసారి బయటికి తీసి ముక్కు దగ్గర పెట్టుకుని మళ్లీ లోపల పెట్టేదాన్ని. అదే పెట్టెలో నా పని చీరలు కూడా ఉంటాయి. అంటే అది తీసుకుపోవాలంటే ఉతకాలి. కనీసం రెండుసార్లు ఉతకాలి.

బకెట్లో నీళ్లు పట్టాను. సబ్బుపొడి కలిపాను. చీర పట్టుకుని బకెట్ పక్కన కూర్చున్నాను, మళ్లీ లేచాను. పెద్దమ్మ గడప మీద కూర్చుని చూస్తోంది.

“ఉతికితే ఏం పోతాది? చీరేగదా. మా చెల్లెలు ఉతికి ఉతికి కట్టిందేగదా దాన్ని.”

“వాసన పోతాది పెద్దమ్మా.”

“పద్నాలుగేండ్లకి ఇంగా ఉండాదా?”

ఉందో లేదో నాకే సరిగా తెలియదు. బకెట్లో నీళ్లు చెట్టుకు పోసి, చీరను మళ్లీ ట్రంకులో పెట్టేశాను. చీటీలో ఆ మాట మీద గీత కొట్టాను. చెల్లెలికి అలాంటిదొకటి ఉందని కూడా తెలియదు కదా, తెలియనిది తేకపోతే నష్టమేముందని నాకు నేను చెప్పుకున్నాను. అలా చెప్పుకున్నాక కూడా ఆ మధ్యాహ్నం మూడుసార్లు ట్రంకు తెరిచాను.

చివరికి సంచిలో మిగిలినవి నాకు రెండు చీరలు, చెల్లెలికి రెండు కొత్త నూలు నైటీలు, తువ్వాలు, మురుకులు, డాక్టరు చీటీతో సహా నా బీపీ మాత్రలు. కొట్టు తక్కెడలో ఆరు కిలోలు కూడా రాలేదు. కొట్టాయన ఇంకా ఏదైనా పెట్టమన్నాడు. నాకు పెట్టాలనిపించేవన్నీ పెట్టకూడనివే.

బయలుదేరే పొద్దున రైలుకు గంట ముందు వీధి మొదట్లో వ్యాను ఆగింది. ఫ్యాక్టరీలో నా గదిలో ఇన్నేళ్లుగా నా ఎదురుగా కూర్చుని చక్రాలు చుట్టే అక్క, నాకంటే పదేళ్లు పెద్దది, గబగబా దిగి వచ్చింది. వ్యాను హారన్ కొడుతూనే ఉంది.

“పోయొస్తావా? దాన్ని నేను అడిగితినని చెప్పు. చిన్నప్పుడు నా ఒడిలో పడుకుండేది.” నా రెండు చేతులూ తన రెండు చేతుల్లోకి తీసుకుని గట్టిగా నొక్కింది. తన అన్నం సంచిలోంచి కారప్పూస పొట్లం ఒకటి తీసి నా సంచి జిప్పు తనే లాగి లోపల దోపింది. “సాత్తూరు సేవు. దానికి ఇష్టం.” నేను నోరు తెరిచేలోగా వ్యాను ఎక్కేసింది.

చేతులు కడుక్కోవాలని అప్పుడే తోచింది. కానీ ఆ అక్క పట్టుకున్న చేతుల్ని వెంటనే కడుక్కోవడానికి మనసొప్పలేదు. తర్వాత రైలు హడావుడిలో మరిచిపోయాను.

మధురైలో విమానాశ్రయం నేను భయపడినంత పెద్దదేమీ కాదు. సంచి తూచారు, కాగితాలు చూశారు, ముద్ర వేశారు. ఆ తర్వాత సోదా. నర్సు చెప్పినట్టే ఒక అమ్మాయి యూనిఫాంలో వచ్చి చిన్న గుడ్డముక్కతో నా సంచి తుడిచింది. జిప్పు దగ్గర తుడిచింది. అరచేతులు చాపమంది. గుడ్డ మిషన్లో పెట్టింది. మిషన్ కూత పెట్టి ఎర్రగా వెలిగింది.

నన్ను పక్కకు రమ్మన్నారు. ముందు హిందీలో, తర్వాత తమిళంలో అడిగింది ఆ అమ్మాయి, “ఎక్కడ పని చేస్తారు?”

“పటాకుల ఫ్యాక్టరీలో.”

నా వెనక వరసలో ఉన్న ఒకాయన రెండడుగులు వెనక్కి జరిగాడు. పై అధికారి ఒకాయన వచ్చాడు. నా సంచి తెరిచి స్టీలు బల్ల మీద ఒక్కొక్కటే పరిచారు. నా లోపలి బట్టలు, నైటీలు, మాత్రలు అన్నీ. ఒక్కొక్కదాన్ని కొత్త గుడ్డతో తుడిచి మిషన్లో పెట్టారు. ఏదీ కూయలేదు. సేవు పొట్లం కూసింది. నా కుడి చెయ్యి కూసింది.

ఎవరిచ్చారని అడిగారు. చెప్పాను. ఆమె ఎక్కడ పని చేస్తుందన్నారు. చెప్పాను. ఒమన్ ఎందుకు పోతున్నానన్నారు. చెల్లెలి ఆపరేషన్ కాగితం ఫోన్లో చూపించాను. ఆ అధికారి నా గోళ్ల దగ్గరికి వంగి చూశాడు. చూసి నెమ్మదిగా అడిగాడు, “ఎన్నేళ్లు?”

“ఇరవై రెండు.”

అమ్మాయి నన్ను వాష్‌రూముకు తీసుకుపోయింది. కుళాయి కింద మోచేతుల దాకా కడుక్కున్నాను. అద్దంలోకి చూడకుండా గోళ్ల సందులు రుద్దుకున్నాను. భయమా అంటే పూర్తిగా భయం కాదు. ఆ అక్క ముట్టుకున్నదాన్ని ఎవరో నా ఎదుట నేరంలా తుడుస్తున్నారన్న ఉక్రోషం. తిరిగి వచ్చాక మళ్లీ తుడిచారు. ఈసారి పచ్చగా వెలిగింది. అప్పటికే మా విమానానికి పిలుపు వినిపిస్తోంది.

“ఈ పొట్లం వదిలేయాలమ్మా,” అన్నాడు అధికారి.

“తినే వస్తువు సార్. పైకాగితం తీసేస్తే?”

“వదిలేయండి. ఆలస్యమవుతోంది.”

వదిలేశాను. పరుచుకుని ఉన్న బట్టలన్నీ చేతికొచ్చినట్టు సంచిలో కుక్కి పరుగెత్తాను. అమ్మాయి నా వెంటే గేటు దాకా వచ్చింది. “మా పిన్ని కూడా మీ పక్క ఊళ్లో అగ్గిపెట్టెల పనికి పోతుందండీ,” అని వెనక్కి తిరిగింది.

అవతల విమానాశ్రయంలో చెల్లెలు గాజు తలుపు పక్కన నిలబడి ఉంది. ఒళ్లు తగ్గింది. ముందరి జుట్టు నెరిసింది. నేను ఏడుస్తానేమో అనుకున్నాను. తను నా కుడి చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గరికి తీసుకుపోయింది.

“సబ్బు వాసన,” అంది.

“మధురైలో కడిగించినారు,” అన్నాను. కారులో ఆ కథంతా చెప్పాను. సేవు పొట్లం దగ్గరికి వచ్చేసరికి తను కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. నేను పగలంతా వార్డులో ఉండేదాన్ని. కూర్చోలేక కిటికీ నుంచి తలుపుకూ, తలుపు నుంచి కిటికీకీ తిరిగేదాన్ని. ఆ వార్డులో నెల్లూరు పక్కనుంచి వచ్చిన నర్సు ఒకామె ఉండేది. మా ఇద్దరి మాటలు విని ఆగిపోయి, “మీరు తెలుగువాళ్లా? మా తాతమ్మ ఇలా మాట్లాడేదండీ,” అంది. నాకు అక్షరాలు రావంటే నమ్మలేదు. మర్నాడు భోజనం చీటీ వెనక అ ఆలు రాసిచ్చింది. “ఇట్లా తిరిగే బదులు ఇవి దిద్దండి.” దిద్దాను. అక్కడున్న పది రోజుల్లో గుణింతాల దాకా వచ్చాను. మిగతాది తర్వాత నెమ్మదిగా నేర్చుకున్నాను.

ఆపరేషనైన నాలుగో రోజు డాక్టరు నడవమన్నారు. వరండాలో నా భుజం పట్టుకుని అడుగులో అడుగేస్తూ చెల్లెలు అడిగింది.

“అక్కా, అమ్మది ఏదన్నా మిగిలి ఉండాదా? నేను ఎప్పుడూ అడగలా.”

“సుంగుడి చీర ఉండాది. ఆ దినం దండెం మీద ఉండింది, ముందు దినం కట్టి విప్పింది.”

తను నడవడం ఆపేసింది. “పద్నాలుగేండ్లుగా ఉండాదా? నాకి యాల చెప్పలా?”

“నువ్వు అడగలేదే.”

“తెచ్చినావా?”

“లేదు.”

“చీర ఎంత తూగతాదక్కా? అరకిలో వస్తాదా? నాకి నైటీలు తెచ్చినావు రెండు. ఈడ దొరకవా నైటీలు? మురుకులు తెచ్చినావు!” కుట్ల మీద చెయ్యి అదిమిపెట్టుకుంది. గొంతు పెరిగింది. ఒక ముసలాయన గదిలోంచి తొంగి చూశాడు.

నా పని చీరలతో కలిపి ఉందని, ఉతక్కుండా తేలేనని, ఉతకడానికి చెయ్యి రాలేదని చెప్పాను. “నువ్వే గదా మందు వాసన తేవద్దంటివి,” అన్నాను చివరికి. నాకూ కోపం వచ్చింది.

“మందు వాసన వద్దంటిని. అమ్మ వాసన వద్దనలా!”

“రెండూ ఒకటే వాసన. అమ్మ ఆడ దానే గదా పని చేసింది. నువ్వు అమ్మ వాసన అనుకునేది ఏమనుకున్నావు?”

ఆ మాట అనాలని అనలేదు. అది నా నోట్లోంచి వచ్చాకే నిజమని నాకూ తెలిసింది. చెల్లెలు గోడ పట్టుకుని అక్కడే ఉన్న కుర్చీలో కూర్చుంది. ఆ సాయంత్రం అన్నం పెడితే తింది, మాత్ర ఇస్తే వేసుకుంది.

మర్నాడు పొద్దున తల దువ్వమంది. చిక్కు తీస్తుంటే, నా వైపు తిరక్కుండానే అంది, “నువ్వు పని నుంచి వస్తే నేను పెరట్లోకి పోతా ఉంటినిగదా. అది నిన్ను చూసి కాదు. నువ్వు లోపలికి వస్తే అమ్మ వచ్చినట్టు ఉండేది. ప్రతి సాయంత్రం. తట్టుకోలేక పోతా ఉంటిని.”

దువ్వెన నా చేతిలోనే ఉండిపోయింది. అన్నేళ్లూ తను నన్ను అసహ్యించుకుంటోందనుకుని, నేనూ ఫోన్లో నాలుగు మాటలకు మించి మాట్లాడకుండా గడిపాను. “కదలొద్దు, జడ వంకర పోతాది,” అన్నాను.

తిరిగి వచ్చిన తర్వాత మళ్లీ వ్యాను ఎక్కాను. ఎదురుగా కూర్చునే అక్క “సేవు తిందా?” అని అడిగితే, “తింది, ఇంగా అడిగింది,” అని అబద్ధం చెప్పాను. అంత పెద్ద ప్రయాణంలో నేను చెప్పిన అబద్ధం అదొక్కటే.

తరువాతి ఏడు చెల్లెలు పన్నెండు రోజుల సెలవు మీద వచ్చింది. రాగానే ట్రంకు తాళం అడిగింది. గది తలుపు వేసుకుంది. నేను ఇంట్లో నిలవలేక రైలుగేటు దాకా నడిచి, అక్కడా నిలవలేక వెనక్కి వచ్చాను. వచ్చేసరికి తలుపు తీసి ఉంది. అమ్మ చీర కట్టుకుని పొయ్యి దగ్గర కూర్చుని అన్నం వారుస్తోంది. వెనకనుంచి చూసి నేను గడప దాటలేకపోయాను. “దా అక్కా, యాల నిలబడి ఉండావు?” అంది. రోజంతా ఆ చీరతోనే ఉంది. దానితోనే మార్కెట్టుకు వచ్చింది, దానితోనే కడంబూరు పోయి పెద్దమ్మను చూసి వచ్చింది. మర్నాడు తనే ఉతికింది. నేను అడ్డు చెప్పలేదు. పోయేటప్పుడు మడిచి తన పెట్టెలో పెట్టుకుంది.

తను వెళ్లిన మూడు నెలలకు నేను పని మానేశాను. ఎందుకని అందరూ అడిగారు. నా దగ్గర ఒక్క కారణం లేదు. చెల్లెలు మానమని అనలేదు, ఫ్యాక్టరీలో ఏమీ జరగలేదు. ఒక పొద్దున వ్యాను హారన్ కొడితే లేవలేదు, అంతే. ఇప్పుడు కోవిల్‌పట్టిలోనే కడలమిట్టాయి, అంటే పల్లీపట్టీ, తయారుచేసే చోట పొట్లాలు కడుతున్నాను. బెల్లం పాకం వాసన, వేయించిన వేరుశనగల వేడి. గదిలో ఎంతమంది కూర్చున్నా ఎవరూ లెక్క చూడరు. ఫోను ఒళ్లోనే పెట్టుకోవచ్చు. ఎదురుగా కూర్చునే అమ్మాయి పొద్దంతా నైలాన్ చీరలో కిలకిల నవ్వుతూ ఉంటుంది.

మధ్యాహ్నం ఎండ రేకుల మీద చిటపటలాడుతుంటే నాకు చెయ్యి ఆడదు. లేచి తలుపు దగ్గరికి పోయి నిలబడతాను. “ఏమక్కా, ఎవరికోసం చూస్తా ఉండావు?” అని అడుగుతుంది ఆ అమ్మాయి. ఎవరి కోసమూ కాదని చెప్పి, నీళ్లు తాగి వచ్చి మళ్లీ కూర్చుంటాను.